ఫార్మాట్ కొట్టే ముందు

అహేరి తాలూకా నాగేపల్లిలో గానీ, కింద సిరొంచలో గానీ కంప్యూటర్ పార్టు పోతే దాన్ని వెతుక్కుంటూ చాలా దూరం పోవాలి. జిల్లా కేంద్రం గడ్చిరోలే సిరొంచకు దాదాపు 200 కిలోమీటర్లు. అయితే చంద్రపూర్ మీదుగా నాగ్‌పూర్, లేదంటే గోదావరి బ్రిడ్జి దాటి కాళేశ్వరం, వరంగల్ మీదుగా సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. పార్టులు ఒక్కొక్కటే తెచ్చి సొంతంగా కంప్యూటర్ కూర్చుకున్న వాళ్లకు బ్లూ స్క్రీన్ వస్తే అసలు చిక్కు ఇక్కడే. పోయింది ర్యామా, కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్సా అన్నది ఇంట్లోనే తేల్చుకోకుండా బస్సెక్కితే, రెండోసారి కూడా ఎక్కాల్సి వస్తుంది.

బ్లూ స్క్రీన్ అంటే కంప్యూటర్ చచ్చిపోవడం కాదు. విండోస్‌కు గుండెకాయలాంటి కెర్నల్‌లో, లేదా దానితో కలిసి నడిచే డ్రైవర్లలో, జరగకూడనిది ఏదో జరిగింది. ఇంకా ముందుకు పోతే డిస్కు మీద ఉన్న మీ ఫైళ్లలో తప్పుడు రాతలు పడే ప్రమాదం ఉంది కాబట్టి విండోస్ కావాలనే ఆగిపోతుంది. ఆగే ముందు అప్పటి పరిస్థితిని ఒక చిన్న ఫైలుగా రాసిపెట్టే ప్రయత్నం చేస్తుంది. 2024 జులై 19న శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసివ్వాల్సి వచ్చింది గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ ఆ రోజు ప్రపంచమంతటా సుమారు 85 లక్షల కంప్యూటర్లను ఇలాగే ఆపేసిందని మైక్రోసాఫ్ట్ లెక్క. వాటిలో ఏ పార్టూ చెడలేదు. ఆ మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ విండోస్ 11లో ఈ తెర రంగును నీలం నుంచి నలుపుకు మార్చేసింది. పేరు మాత్రం జనం నోట్లో బ్లూ స్క్రీనే.

ముందు ఒక్కటి చూడాలి. నీలి తెర నిజంగా వచ్చిందా, లేక కంప్యూటర్ ఠక్కున ఆగి మళ్లీ మొదలైందా? రెండిటినీ కలిపేసి "రీస్టార్ట్ అయిపోతోంది" అంటారు గానీ, దారులు వేరు. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో స్టార్టప్ అండ్ రికవరీ దగ్గర ఆటోమేటిక్ రీస్టార్ట్‌కున్న టిక్కు తీసేస్తే, తెర వచ్చినప్పుడు చదువుకునేలా నిలబడి ఉంటుంది. ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అన్న నమోదు ఉండి, అందులో బగ్‌చెక్ కోడ్ సున్నా అయితే, విండోస్‌కు ఆగే వ్యవధి కూడా దొరకలేదన్నమాట. అప్పుడు ముందు అనుమానించాల్సింది కరెంటును.

మన దగ్గర ఆ అనుమానం తరచూ నిజమవుతుంది. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లని పెద్దక్షరాల్లో ఉంటుంది. దాన్ని నమ్మకండి, పక్కన చిన్నక్షరాల్లో ఉన్న పట్టిక చదవండి. ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ అందేది 12 వోల్టుల లైను. అక్కడ 16 ఆంపియర్లని ఉంటే, పన్నెండు పదహార్లు 192 వాట్లే. ఆట మొదలెట్టగానే, వీడియో రెండర్ పెట్టగానే ఆగిపోయే కంప్యూటర్ల కథ చాలావరకు ఇదే. ఇక ఇంటి ఇన్వర్టర్. దాని వెనకాల యూపీఎస్ మోడ్ అని ఒక స్విచ్చు ఉంటుంది. అది మామూలు మోడ్‌లో ఉంటే కరెంటు పోయిన క్షణంలో ఫ్యాను, బల్బు తట్టుకుంటాయి, కంప్యూటర్ తట్టుకోదు. మంచి ఎస్‌ఎంపీఎస్ కూడా సరఫరా లేకుండా నెట్టుకురాగలిగేది సెకనులో అరవయ్యో వంతు సేపే.

నీలి తెర నిజంగానే వస్తుంటే దాని మీది కోడ్ రాసుకోండి, ఒక్కసారి కాదు, వచ్చిన ప్రతిసారీ. ఆ కోడ్ నీళ్లు ఎవరి చేలో నిలిచాయో చెబుతుంది, గట్టు ఎక్కడ తెగిందో చెప్పదు. ప్రతిసారీ అదే కోడ్, దాని కింద అదే డ్రైవర్ పేరు కనబడితే ఆ డ్రైవర్‌ను మార్చి చూడాలి. వియా అన్‌కరెక్టబుల్ ఎర్రర్ అంటే హార్డ్‌వేరే తప్పు ఒప్పుకుంటోందని అర్థం. వేడి, వోల్టేజీ, ఓవర్‌క్లాకింగ్ చూసుకోవాలి. ఒకరోజు మెమరీ మేనేజ్‌మెంట్, మర్నాడు పేజ్ ఫాల్ట్, ఇంకోరోజు ఐఆర్‌క్యూఎల్... ఇలా పూటకో పేరు చెబుతుంటే మాత్రం నా ఓటు ర్యామ్‌కే.

ర్యామ్ దగ్గర మన మెకానిక్‌ల చిట్కా అందరికీ తెలిసిందే, రబ్బరుతో రుద్దడం. డీడీఆర్4 ర్యామ్ అంచున బంగారు పూత పూసిన 288 పళ్లుంటాయి, పక్కకు 144. ఆ పూత మహా పలుచన. ప్లగ్గు పీకేసి, పవర్ బటన్ కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుని, క్యాబినెట్ ఇనుమును ముట్టుకున్నాక ర్యామ్ తీయాలి. పెన్సిల్‌కు వాడే మెత్తని రబ్బరుతో నిలువుగా రెండు మూడుసార్లు తుడిస్తే చాలు. తుక్కంతా దులిపి, రెండు చివర్లా టక్కుమనేదాకా నొక్కాలి. బాగుపడితే ఘనత రబ్బరుదే అంటారు గానీ, సగం ఘనత పీకి సరిగ్గా పెట్టినందుకే దక్కాలి.

తర్వాత బయోస్‌లో ర్యామ్ వేగాన్ని పెంచే ఎక్స్‌ఎంపీ సెట్టింగు ఆపేయండి. 3200 వేగమని అమ్మిన ర్యామ్‌కు అది చాలాసార్లు పెంచిన వేగమే, అసలు వేగం అంతకంటే తక్కువ. వేర్వేరు కంపెనీల ర్యామ్‌లు జతకట్టిన చోట దీంతోనే సగం గొడవ తీరొచ్చు. తీరకపోతే మెమ్‌టెస్ట్86+ ను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి రాత్రంతా నడపండి. ఒక్క ఎర్ర గీత వచ్చినా లోపం ఉన్నట్టే. అప్పుడు ఒక్కో ర్యామ్ విడిగా పెట్టి, మళ్లీ స్లాటు మార్చి పరీక్షిస్తే దోషి ర్యామో, బోర్డో తేలుతుంది.

వేసవిలో గది లోపలే నలభై డిగ్రీలు దాటే ప్రాంతం మనది. కొత్త ప్రాసెసర్లు వేడెక్కితే ముందు నెమ్మదిస్తాయి, మరీ ఎక్కువైతే ఆగిపోతాయి. ఎస్‌ఎంపీఎస్‌లోని కెపాసిటర్లకు ఆ తెలివి లేదు. ప్రతి పది డిగ్రీలకు వాటి ఆయుష్షు ఇంచుమించు సగమవుతుంది. హీట్‌సింక్ రెక్కల మధ్య పత్తి నూగు, వడ్ల దుమ్ము పేరుకుంటే బ్లోయర్‌తో ఊదండి, ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుని.

ఇవేవీ చేయకుండా ఫార్మాట్ కొట్టించడం మాత్రం వద్దు. విండోస్ రాసిపెట్టిన ఆ చిన్న ఫైళ్లు సీ డ్రైవ్‌లో విండోస్ కింద మినీడంప్ ఫోల్డర్‌లో ఉంటాయి. ఫార్మాట్‌తో ముందు పోయేది ఆ సాక్ష్యమే. వాటిని పెన్‌డ్రైవ్‌లోకి దించుకోండి. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే విన్‌డీబీజీతో మీరు గానీ, తెలిసినవాళ్లు గానీ తెరిచి చూడొచ్చు.

పోయింది ర్యామే అని తేలితే కొత్తది కొనడానికి తొందరపడొద్దు. చాలా కంపెనీలు ర్యామ్‌కు ఏళ్ల తరబడి వారంటీ ఇస్తాయి. దాని మీది స్టిక్కర్ చింపకండి. బిల్లు, మెమ్‌టెస్ట్ ఎర్ర గీతల ఫోటో దగ్గర పెట్టుకుని, బయలుదేరే ముందే సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి అడగండి. కొన్ని కంపెనీలు కొరియర్‌లో తీసుకుని మార్చి పంపుతాయి.