పళ్ళ డాక్టరుకు ఫిజిక్సు ఎందుకు?

2025 జూన్ నెలలో ఒక సాయంత్రం, చిలకలూరిపేటకు దగ్గరలోని ఒక ఊళ్ళో, ఒక రైతు ఇంటి వసారాలో కూర్చుని ఉన్నాము. ఆ యేడు మిరప ధర ఎలా పడిపోయిందో గుంటూరు, ప్రకాశం వాసులకు మేము వేరే చెప్పనక్కర్లేదు. ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం కలుగజేసుకుని క్వింటాలుకు 11,781 రూపాయలని ప్రకటించవలసి వచ్చింది. ఆ ఇంటి యజమాని సగం టిక్కీలు వచ్చిన ధరకు అమ్ముకుని, మిగతా సగం గుంటూరు కోల్డ్ స్టోరేజీలో పెట్టుకున్నారు. ఆయన మమ్మల్ని పిలిపించినది మాత్రం మిరప సంగతి మాట్లాడడానికి కాదు.

"అమ్మాయి నీట్ పోయిందండీ. స్టోరేజీలో సరుకు ఇప్పుడే తెగనమ్మి లాంగ్‌టర్మ్‌లో చేర్పించమంటారా? లేకపోతే ధర వచ్చిందాకా ఆగి, ఎక్కడో ఒకచోట డబ్బు కట్టి డెంటల్ సీటు తీసుకోమంటారా?" అని అడిగారు.

అమ్మాయి గుమ్మం పక్కన నిలబడి ఉంది. తలెత్తలేదు.

పాఠకులలో ఇలాంటి ప్రశ్న తమ ఇంట్లోనే ఉన్నవారు చాలామంది ఉంటారు. అందుకే ఆ సాయంత్రం జరిగిన సంగతులు కొంచెం వివరంగా రాస్తున్నాము.

మొదట ఆ తండ్రిగారి రెండో ప్రశ్నకు జవాబు. డబ్బు కడితే సీటు వచ్చే రోజులు పోయాయి. ప్రభుత్వ కళాశాల అయినా, ప్రైవేటు కళాశాల అయినా, మేనేజ్‌మెంటు కోటా అయినా, బి.డి.ఎస్.లో చేరాలంటే నీట్‌లో అర్హత పొంది తీరాలి. మన రాష్ట్రంలో 2016 దాకా ఎంసెట్ ఉండేది, 2017 నుంచి నీట్ వచ్చింది. "మార్కుల సంగతి మేము చూసుకుంటాం, మీరు అడ్వాన్సు ఇవ్వండి" అనే మనిషి మీ ఇంటికి వస్తే కాఫీ ఇచ్చి పంపించండి, అడ్వాన్సు ఇవ్వకండి. అర్హత మార్కు ఏటేటా మారుతుంది. 2025లో జనరల్ వారికి 144, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు 113. అంతకుముందు సంవత్సరం జనరల్‌కు 162. సీట్లు మిగిలిపోయినప్పుడు దంతవైద్యానికి ఈ గీత తగ్గించిన సందర్భాలున్నాయి. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టే అలా తగ్గించమని చెప్పింది. అయితే ఈ యేడు కూడా తగ్గిస్తారులే అని ఇంట్లో కూర్చోవడం, వాన పడుతుందిలే అని దున్నని చేలో విత్తనం చల్లినట్టే.

ఈ అమ్మాయికి బీసీ కేటగిరీలో 98 వచ్చాయి. "పదిహేను మార్కులే కదండీ తక్కువ" అన్నారు వాళ్ళమ్మగారు. నిజమే, నాలుగు ప్రశ్నల దూరం. కానీ అర్హత వేరు, సీటు వేరు. ఆ 98 ఎలా వచ్చాయో చూస్తే గాని అసలు సంగతి తెలియదు.

ఇంటర్ మార్కుల జాబితా అడిగాము. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం రెంటిలోనూ నూటికి పైనే ఉన్నాయి. రసాయనశాస్త్రం మధ్యస్థం. ఫిజిక్సులో మొదటి యేడు 60కి 22, రెండో యేడు 23. పాసు మార్కు 21. అంటే రెండుసార్లూ గట్టు అంచు మీద నడిచి బయటపడిందన్నమాట.

"ఇంప్రూవ్‌మెంటు రాయిస్తే బాగుండేదా?" అని తండ్రి అడిగారు. చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే పొరబడతారు. నీట్ రాసినవారికి ఇంటర్ మార్కులు కావలసింది అర్హత కోసమే. ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి జనరల్ వారికి 50 శాతం, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం ఉండాలి. ఈమె చదివిన పద్ధతిలో ప్రాక్టికల్సుతో కలిపి సైన్సు మొత్తం 600 మార్కులు గనుక 240 చాలు. ఈమెకు 426 ఉన్నాయి. ఎంసెట్ కాలంలో కొన్నేళ్ళు ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజి ఇచ్చేవారు. అప్పుడు ఇంప్రూవ్‌మెంటుకు అర్థం ఉండేది. ఇప్పుడు ర్యాంకు నీట్ మార్కులను బట్టే. ఆ శాతానికి తక్కువైనవారు మాత్రం వేసవిలో జరిగే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలో ఇంప్రూవ్‌మెంటు రాసుకోవాలి. గడువు తేదీలు ప్రిన్సిపాలుగారిని అడిగి తెలుసుకోండి, పక్కింటివారిని కాదు.

తరువాత నీట్ ప్రశ్నపత్రం తెమ్మన్నాము. బీరువా అడుగు నుంచి తెచ్చింది. దాన్ని మళ్ళీ చూడాలనిపించలేదట. మొత్తం 180 ప్రశ్నలు. బయాలజీ 90, ఫిజిక్సు 45, కెమిస్ట్రీ 45. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత. బయాలజీలో 28 ఒప్పు, 32 తప్పు. వచ్చినవి 80. కెమిస్ట్రీలో 9 ఒప్పు, 14 తప్పు. వచ్చినవి 22. ఫిజిక్సులో 3 ఒప్పు, 16 తప్పు. అంటే సున్నాకి కింద 4.

ఫిజిక్సులో తప్పిన ఆ 16 ప్రశ్నలే మళ్ళీ చెయ్యమన్నాము. గడియారం లేదు, భయం లేదు, కాగితం కావలసినంత ఉంది. అరగంట తరువాత చూస్తే మాకే ఆశ్చర్యం వేసింది. తొమ్మిదింటికి సూత్రం సరిగ్గా రాసింది! రాసి, అక్కడే ఆగిపోయింది. ఒక సమీకరణంలో 't' ఇవతలికి తేవాలంటే రాలేదు. పది ఘాతం మైనస్ ఆరును పది ఘాతం మైనస్ రెండుతో భాగించమంటే చెయ్యి ఆడలేదు. సైన్ 30 విలువ అడిగితే "సగమా, రూట్ మూడు బై రెండా?" అని మా ముఖం చూసింది.

ఈ అమ్మాయికి ఫిజిక్సు రాకపోవడం కాదు, లెక్కలు రావడం లేదు. పదో తరగతి అయిపోగానే "బైపీసీ తీసుకున్నావు, ఇక లెక్కలతో పని లేదు" అని ఎవరో అన్నారు. బైపీసీలో లెక్కల సబ్జెక్టు లేదు, నిజమే. కానీ ఫిజిక్సు పుస్తకం నిండా లెక్కలే. ఆ సంగతి రెండేళ్ళలో ఎవరూ చెప్పలేదు. ఇంటర్ పరీక్షల్లో కంఠస్థం చేసిన జవాబులు గట్టెక్కించాయి, నీట్‌లో ఎక్కించలేదు.

ఈ స్థితిలో లాంగ్‌టర్మ్‌లో వేస్తే ఏమవుతుంది? మొదటి వారంలోనే వెక్టర్లు, చలనం మొదలుపెడతారు. వంద మంది ఉన్న సెక్షనులో 't' ఇవతలికి ఎలా తేవాలండీ అని లేచి అడిగే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? పోయిన యేడు వినబడని పాఠమే ఈ యేడు మళ్ళీ వినబడదు. మిరప డబ్బు మాత్రం జమ అయిపోతుంది. మేము లాంగ్‌టర్మ్‌కు వ్యతిరేకులం కాము. దానివల్ల బాగుపడినవారిని చూశాము. వారు తమకు ఏది రాదో తెలుసుకుని వెళ్ళినవారు.

కెమిస్ట్రీ దగ్గరకు వచ్చేసరికి అమ్మాయి కొంచెం తేరుకుంది. మోల్ అంటే భయం అంది. మేము వాళ్ళ నాన్నగారిని అడిగాము, "యార్డులో మిరపకాయలు లెక్కపెట్టి కొంటారా?" అని. ఆయన నవ్వారు. "తూకం వేస్తారు గాని లెక్కెవరు పెడతారండీ!" మోల్ కూడా అదే. అణువులను లెక్కపెట్టలేము గనుక తూకం వేస్తాము. 12 గ్రాముల కార్బన్‌లో 6.022 ఇంటు పది ఘాతం 23 పరమాణువులు ఉంటాయని ఒకసారి తెలిశాక, తూకమే లెక్క. గాఢత సంగతీ అంతే. లీటరు నీళ్ళకు రెండు మిల్లీలీటర్ల మందు అని డబ్బా మీద ఉంటే, పదిహేను లీటర్ల ట్యాంకుకు ముప్పై పొయ్యాలని ఆ అమ్మాయి పదేళ్ళప్పుడే నాన్నకు చెప్పిందట. మొలారిటీ అంటే దానికి అన్నదమ్ముడే. ఇది విని ఆ తండ్రి కూతురి వైపు చూసిన చూపు మాకు గుర్తుండిపోయింది.

బయాలజీలో ఆమె తప్పులు వేరే రకం. పెద్ద ప్రశ్నకు పెద్ద జవాబు అప్పజెప్పడం అలవాటు. నీట్‌లో రెండు వాక్యాలిచ్చి ఏది ఒప్పో చెప్పమంటారు. దానికి ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకం వాక్యం వాక్యం చదవడం తప్ప దగ్గరి దారి లేదు. బొమ్మల కింద రాసినవి కూడా వదలకూడదు. తెలుగు మాధ్యమం పిల్లలకు ఇంకొక మాట. 2017 నుంచి నీట్ తెలుగులోనూ రాయవచ్చు. అయితే అనువాదంలో సందేహం వస్తే ఇంగ్లీషు ప్రశ్నే ప్రమాణం. పైగా బి.డి.ఎస్. పుస్తకాలన్నీ ఇంగ్లీషువే. కిరణజన్య సంయోగక్రియ అని చదివిన రోజునే ఫోటోసింథసిస్ అని కూడా పక్కన రాసుకోవాలి.

అప్పుడు అడిగింది అమ్మాయి, కొంచెం కోపంగానే. "పళ్ళు పీకడానికి ఫిజిక్సు ఎందుకండీ?"

మంచి ప్రశ్న. పన్ను తీసేముందు దాన్ని కదిలించే పనిముట్టును ఎలివేటర్ అంటారు. అది పనిచేసేది తులాదండం లాగా, చీలిక లాగా, చక్రం-ఇరుసు లాగా. మూడూ ఫిజిక్సు పాఠాలే. పుచ్చిన చోట పెట్టిన తెల్ల పదార్థాన్ని గట్టిపరచేది నీలి కాంతి. ఎక్స్-రే సంగతి చెప్పనక్కర్లేదు. గ్లాస్ అయనోమర్ సిమెంటు గట్టిపడడం ఆమ్లానికీ క్షారానికీ మధ్య జరిగే చర్య. మొదటి సంవత్సరంలోనే శరీర నిర్మాణం, శరీరధర్మశాస్త్రం, జీవరసాయనం, దంతాల నిర్మాణం చదవాలి, మైనంతో పన్ను ఆకారం చెక్కాలి. నాలుగేళ్ళ చదువు, తరువాత ఒక యేడు ఇంటర్న్‌షిప్. గుమ్మం ఎలాగో దాటి లోపలికి వెళ్ళినా, లోపల కూడా సైన్సే.

"మరి నీకు డెంటలే ఎందుకు? ఎం.బి.బి.ఎస్. రాదనా?" అని మేము అడిగాము. ఇది అడగడం అవసరం. చాలామంది పిల్లలు మెడిసిన్ రాక దంతవైద్యంలో పడి, అయిదేళ్ళూ దిగులుగా చదువుతారు.

ఆమె కాదంది. వాళ్ళమ్మగారి పుట్టిల్లు పొదిలి వైపు. సెలవులకు వెళ్ళినప్పుడు అక్కడి మేనమామ పిల్లలు ఫోటో తీస్తుంటే నోరు మూసుకునేవారట. పళ్ళ మీద గోధుమ రంగు మరకలు. ఆ పిల్లల్లో ఒకామెకు ఆ మరకలవల్లనే పెళ్ళి సంబంధం తప్పిపోయింది. ఈమె మనసులో అది ఉంది.

పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల నీటిలో ఫ్లోరైడు ఎక్కువ. 1937లో షార్ట్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ మద్రాసు రాజధానిలో ఫ్లోరోసిస్ గురించి రాసినది అప్పటి నెల్లూరు జిల్లాలోని ఈ ప్రాంతం గురించే. ఈ తాలూకాలు 1970లో కొత్త జిల్లాలో కలిశాయి. పళ్ళ మరకలకు కారణం కనిపెట్టిన కథ మాత్రం అమెరికాలో మొదలయింది. మెకే అనే పళ్ళ డాక్టరు 1901 నుంచి కొలరాడోలో ఈ మరకలు చూసి ఏళ్ళ తరబడి కారణం వెతికాడు. చివరికి 1931లో అది ఫ్లోరైడని తేల్చినది చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త, నీటిని పరీక్ష చేసి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే కీడు, కొద్దిగా ఉంటే పంటికి మేలు. పన్ను చిగురులోపల తయారవుతున్నప్పుడే ఈ మరక పడుతుంది గనుక, పెద్దయ్యాక మంచినీళ్ళు తాగినా పోదు. కెమిస్ట్రీ అంటే భయపడే ఆ అమ్మాయి ఈ కథ మొత్తం చప్పుడు చెయ్యకుండా వింది. మిల్లీగ్రాములు, లీటర్లు అన్నచోట మాత్రం "అది కూడా గాఢతేనా?" అని అడిగింది.

తల్లిదండ్రులకు రెండు మాటలు చెప్పి వచ్చాము. మొదటిది, ఒక్క యేడు అని ముందే అనుకోండి. నీట్ ఎన్నిసార్లయినా రాయవచ్చు, పై వయసు పరిమితి లేదు. అందుకే ఇళ్ళల్లో మూడేళ్ళు, నాలుగేళ్ళు తెలియకుండా జారిపోతున్నాయి. సంక్రాంతి నాటికి మాక్ టెస్టుల్లో ఫిజిక్సు కదలకపోతే నర్సింగు, ఫార్మసీ, ఫిజియోథెరపీ, బి.ఎస్సీ. గురించి అప్పుడే మాట్లాడుకోండి, జూన్‌లో ఏడుస్తూ కాదు. రెండోది, హాస్టలులో వేస్తే వారానికోసారి మాట్లాడండి. ఫోనులో మొదటి మాటగా మార్కులు అడగకండి. పిల్ల ఏమీ చెప్పకుండా ఊరుకుంటే బస్సెక్కి వెళ్ళి చూడండి. మనసు మరీ కుంగినప్పుడు మాట్లాడడానికి టెలీ-మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనూ మాట్లాడతారు.

"అయితే రేపు గుంటూరు వెళ్ళి ఫీజు కట్టమంటారా?" అని తండ్రి మళ్ళీ అడిగారు.

రేపు వద్దన్నాము. ముందు నాలుగు వారాలు ఇంట్లోనే ఎనిమిది, తొమ్మిది, పదో తరగతుల లెక్కలు చెయ్యమన్నాము. ఘాతాలు, భిన్నాలు, సమీకరణాలు, త్రికోణమితి, గ్రాఫులు. ఊరి హైస్కూలులో లెక్కల మాస్టారు ఉన్నారు, సాయంత్రం గంటసేపు చెప్పడానికి ఆయన కాదనరట. ఆ తరువాత ఆ 16 ప్రశ్నలే మళ్ళీ చేసి చూసుకుని, అప్పుడు ఎక్కడ చేరాలో నిర్ణయించుకోవచ్చు.

పదో తరగతి పుస్తకాలు అటక మీద ఉన్నాయంటే తండ్రే నిచ్చెన వేసుకుని ఎక్కారు. ఖాళీ పత్తి బోరాల కింద దొరికాయి. లెక్కల పుస్తకానికి అట్ట లేదు, మొదటి రెండు పేజీలు చెదలు తినేశాయి. అమ్మాయి దాన్ని పైటతో తుడిచి, దీపం కిందకు తీసుకుపోయి, ఘాతాంకాల పాఠం ఎక్కడుందా అని వెతకడం మొదలుపెట్టింది.