మోకాలికి మడతబందు

మీ ఇంటి తలుపును ఒకసారి గమనించండి. తోస్తే తెరుచుకుంటుంది, లాగితే మూసుకుంటుంది. పక్కకు నెట్టబోతే మాత్రం కదలదు. మడతబందు చేసే పని అదే. ఒక్క దారి వదిలి, తక్కిన దారులన్నీ మూసేస్తుంది. మన మోకాలు కూడా మడతబందు కీలేనని మీరు సైన్సు పాఠంలో చదువుకున్నారు. అది చాలావరకు నిజం. పూర్తిగా మాత్రం నిజం కాదు.

నమ్మకం లేకపోతే ఇప్పుడే పరీక్షించవచ్చు. బల్ల మీద కూర్చుని పాదం నేలకు ఆనించండి. మోకాలి చిప్పకు కొంచెం కింద ఒక గట్టి బుడిపె చేతికి తగులుతుంది. దాని మీద వేలు ఉంచి, మడమను కదపకుండా కాలి బొటనవేలిని లోపలికీ బయటికీ తిప్పండి. వేలి కింద బుడిపె కూడా అటూ ఇటూ జరుగుతోంది కదూ? అంటే మోకాలి కింద ఉన్న ఎముక తిరుగుతోందన్నమాట. ఇప్పుడు లేచి, కాలు నిటారుగా బిగించి అదే పని చేయండి. ఈసారి పాదంతోపాటు తొడ కూడా తిరుగుతుంది. మోకాలి దగ్గర తిరుగుడు దాదాపు లేదు.

మడిచినప్పుడు కొంచెం తిరిగి, చాచినప్పుడు బిగుసుకునే ఇలాంటి మడతబందును ఏ కమ్మరీ చేయలేదు. ఎగుడుదిగుడు నేల మీద పడకుండా నడవగలుగుతున్నామంటే అందులో ఈ కొద్దిపాటి తిరుగుడికి కూడా వంతు ఉంది. కాని రోడ్డు లేని చోట మోటారు సైకిలు నడిపే మనిషికి ఇదే మోకాలు మహా బలహీనమైన చోటు. అందుకే అలాంటివాళ్ళు మోకాలి బయట ఇంకొక మడతబందు తగిలించుకుంటారు. దాన్నే నీ బ్రేస్ అంటారు. దాని సంగతి తెలియాలంటే ముందు మోకాలు ఎలా దెబ్బతింటుందో తెలియాలి.

శ్రీకాకుళం జిల్లాలో ఇలాంటి దారులు వెతుక్కోనక్కరలేదు. ఉద్దానంలో జీడితోటల, కొబ్బరితోటల మధ్య ఇసుక బాటలున్నాయి. సీతంపేట కొండల్లో సవర గూడేలకు ఎక్కే రాళ్ళ బాటలున్నాయి. (2022లో జిల్లాలు విడిపోయాక సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. కొండలు మాత్రం అవే.) నాలుగు చక్రాల బండి ఎక్కలేని చోటికి రెండు చక్రాల బండి ఎక్కుతుంది. అందుకే గిరిజన ప్రాంతాల్లో రోగులను పెద్ద అంబులెన్సు దాకా చేర్చడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018లో మోటారు సైకిలు అంబులెన్సులు ప్రవేశపెట్టింది. సరదా కోసం, పందెం కోసం కొండబాటల్లో నడిపేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. ఇక్కడ చాలామందికి మాత్రం అది ఉద్యోగానికో సంతకో పోయే దారి.

ఇప్పుడొక దృశ్యం ఊహించండి. వాన వెలిసింది. ఎర్రమట్టి బాటలో బండి చక్రం గాడిలో పడి పక్కకు జారింది. నడిపే మనిషి పడిపోకుండా చటుక్కున కాలు నేలకు ఆనించాడు. మనలో ఎవరైనా చేసే పనే అది. కాని బూటు బురదలో దిగబడింది. బండి మాత్రం ఆగలేదు, అతని ఒంటిని తీసుకుని ముందుకు పోతోంది. పాదం ఒకచోట, తొడ మరొకచోట. మధ్యలో మోకాలు మడిచి ఉంది, అంటే తిరగడానికి సిద్ధంగా ఉంది. అది తిరగగలిగినంత తిరిగింది, ఇంకా తిరగమంటోంది బండి.

మోకాలి దగ్గర తొడ ఎముకా, కింది ఎముకా ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయే గాని ఒకదానిలో ఒకటి దూరి లేవు. తుంటి కీలులో బంతీ గిన్నే ఉన్నాయి. మోకాలికి అలాంటి గిన్నె లేదు. రెండు ఎముకల మధ్య నెలవంక ఆకారంలో రెండు మృదులాస్థి ముక్కలు మెత్తల్లాగా ఉంటాయి. ఎముకలను కలిపి పట్టి ఉంచేవి ముఖ్యంగా నాలుగు సంధిబంధనాలు. లోపలి పక్కన ఒకటి, బయటి పక్కన ఒకటి, నడిమధ్య గుణకారపు గుర్తులాగా ఒకదానికొకటి అడ్డంగా రెండు. వీటికి కండరాల సాయం ఉంది. కాని కండరం మేలుకుని బిగుసుకోవడానికి సెకనులో కొంత భాగం పడుతుంది. బండి అంతసేపు ఆగదు.

ఈ బంధనాలు బలహీనమైనవేమీ కావు. మధ్యనున్న రెండింటిలో ముందుది మన చిటికెన వేలికన్నా చిన్నది. అయినా ఆరోగ్యంగా ఉన్న యువకుడిలో అది తెగాలంటే సుమారు 2,000 న్యూటన్ల బలం కావాలి, అంటే దాదాపు 200 కిలోల బరువు వేలాడదీసినంత. మరి ఇంత గట్టిది ఎందుకు తెగుతుంది?

గునపంతో బండరాయిని లేపడం మీరు చూసే ఉంటారు. పొడవాటి కొస దగ్గర కొద్దిగా నొక్కితే చాలు, పొట్టి కొస దగ్గర బండ లేస్తుంది. మోకాలి కింద మన కాలు కూడా గునపమే. మోకాలి నుంచి పాదం దాకా ఉజ్జాయింపుగా 40 సెంటీమీటర్లు అనుకుందాం. మోకాలి వెడల్పు 8 సెంటీమీటర్లు. పాదాన్ని ఎవరో 30 కిలోల బరువంత బలంతో బయటి పక్కకు లాగారనుకోండి. మోకాలి బయటి అంచు ఆధారమవుతుంది, లోపలి పక్కనున్న బంధనం సాగుతుంది. దాని మీద పడే లాగుడు ఎంత? 30 ఇంటూ 40, భాగించు 8. అంటే 150 కిలోలు! ఇది ముతక లెక్క. నిజం కాలిలో కండరాలూ మధ్య బంధనాలూ ఈ భారాన్ని కొంత పంచుకుంటాయి. కాని బండి బరువే 100 కిలోలకు పైన ఉంటుందనీ, దాని వేగం వేరే ఉంటుందనీ మరిచిపోకండి.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. మందుల దుకాణంలో దొరికే సాగే తొడుగును, అదే నీ క్యాప్‌ను, మోకాలికి ఎక్కించుకుని ఇక భయం లేదనుకుంటారు. ఆ తొడుగు పనికిరానిదని కాదు. దాని పని వేరు.

దాని పని చూడాలంటే బరువులెత్తేవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి, అందుకు మన ఉత్తరాంధ్రను మించిన చోటు లేదు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లేశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం గెలిచారు. ఒలింపిక్ పతకం పొందిన మొదటి భారతీయ మహిళ ఆమే. విజయనగరం జిల్లా కొండవెలగాడ కూడా బరువులెత్తేవాళ్ళ ఊరుగా పేరుపొందింది. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చారు.

బరువెత్తేటప్పుడు మనిషి పూర్తిగా గొంతుకు కూర్చుని లేస్తాడు. మోకాలి మీద పడే భారం చాలా ఎక్కువ. అయితే ఆ భారం ఎటు పడుతోంది? పై నుంచి కిందికి, ఎముకల వెంట. మోకాలు మడిచే దారిలోనే మడుస్తోంది. పాదాలు రెండూ చదునైన బల్ల మీద ఉన్నాయి, పక్కకు లాగేవాళ్ళు లేరు. అక్కడ సాగే తొడుగు కీలును వెచ్చగా ఉంచుతుంది, చుట్టూ నొక్కి పట్టి ఆసరా ఉన్నట్టు అనిపిస్తుంది. బిగించి చుట్టిన పట్టీ అయితే స్ప్రింగులాగా లేవడానికి కొంత సాయం కూడా చేస్తుంది. అదే తొడుగుతో బురదలో కాలు మెలిపడితే? కాలితోపాటు తొడుగూ మెలిపడుతుంది. అంతే!

ఈ తేడా చేత్తో చూడాలంటే రెండు జానెడు వెదురు ముక్కలు తీసుకోండి. పాత సైకిలు ట్యూబు ముక్క ఒకటి కోసి, రెండు వెదుళ్ళ కొసలు కలిసేచోట తొడగండి. ఇది తొడుగు వేసిన మోకాలు. ఏ పక్కకు వంచినా వంగుతుంది. ఇప్పుడు నాలుగు సన్నని చెక్కపేళ్ళు తెచ్చి, రెండేసి పేళ్ళను ఒక్కొక్క మేకుతో కత్తెరలాగా కలపండి. ఈ జతలను వెదుళ్ళకు చెరొక పక్కన పెట్టి, పైనా కిందా దారంతో గట్టిగా కట్టండి. రెండు మేకులూ సరిగ్గా కీలుకు ఎదురుగా ఉండాలి. మళ్ళీ వంచి చూడండి. ముందుకీ వెనక్కీ హాయిగా మడుస్తుంది, పక్కకు మాత్రం మొండికేస్తుంది. మీరు చేసిందే నీ బ్రేస్.

ఇంకొక పని కూడా చేయండి. ఒక జతను విప్పి, మేకు కీలుకు రెండంగుళాల కిందికి వచ్చేలా కట్టండి. ఇప్పుడు మడిస్తే దారాలు జారతాయి, పేళ్ళు పట్టేస్తాయి. బజారులో ఎంత ఖరీదు పెట్టి కొన్న బ్రేసైనా కొలత తప్పితే జరిగేది ఇదే.

అసలు బ్రేసులో చెక్కపేళ్ళ స్థానంలో అల్యూమినియమో, గట్టి ప్లాస్టిక్కో, కార్బన్ నారతో చేసిన చట్రమో ఉంటుంది. తొడ మీద ఒక భాగం, పిక్క మీద ఒక భాగం, చెరొక పక్కన ఒక కీలు, వెనక నుంచి చుట్టే పట్టీలు. ఇలాంటివి మొదట మోటారు సైకిళ్ళ కోసం పుట్టలేదు. 1960లలో న్యూయార్కులోని లెనాక్స్ హిల్ ఆస్పత్రిలో జో నేమత్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడి మోకాలికి ఒక బ్రేసు తయారుచేశారు. ఆ రకానికి ఆ ఆస్పత్రి పేరే నిలిచిపోయింది.

మంచి బ్రేసు కీలులో ఒక మేకు బదులు పళ్ళచక్రాల్లాంటి రెండు ఇరుసులు ఉంటాయి. ఎందుకంటారా? తొడ ఎముక కొస గుండ్రంగా ఉండి, కింది ఎముక మీద కొంత దొర్లుతుంది, కొంత జారుతుంది. అందుచేత మడిచేకొద్దీ మోకాలి ఇరుసు చోటు మారుతుంది. తలుపు మడతబందులా ఒకే మేకు ఉన్న బ్రేసు ఆ కదలికను వెంబడించలేక చర్మం మీద రాసుకుంటూ కిందికి జారుతుంది. కీలు లోపల చిన్న అడ్డుముక్క కూడా ఉంటుంది. కాలు వెనక్కి విరిగినట్టు అతిగా చాచుకోకుండా కొన్ని డిగ్రీల ముందే అది ఆపేస్తుంది.

ఇక ప్యాడ్ సంగతి. చిప్ప మీద రాయి తగిలితే బ్రేసు పక్క కడ్డీలు ఏం చేస్తాయి? ఏమీ చేయవు. దానికి గట్టి గిన్నె, లోపల మెత్త ఉండాలి. ఐరోపా ప్రమాణం ప్రకారం ఇలాంటి ప్యాడ్ మీద 50 జౌళ్ళ శక్తితో బరువు పడేసి పరీక్షిస్తారు. అంటే 5 కిలోల బరువును మీటరు ఎత్తు నుంచి వదిలినంత. అవతలి పక్కకు చేరే బలం సగటున 35 కిలోన్యూటన్లు దాటకపోతే మొదటి తరగతి, 20 దాటకపోతే రెండో తరగతి. ఇక్కడ రెండో తరగతే మేలైనది. బడి తరగతుల్లో లాగే పై తరగతి పెద్దదన్నమాట! ప్యాడ్ దెబ్బను ఆపుతుంది, మెలికను ఆపదు. బ్రేసు మెలికను తగ్గిస్తుంది, ముందు గిన్నె లేకపోతే దెబ్బను ఆపదు. రెండూ ఉన్నదే కొండబాటకు తగినది.

ఎంచుకునేటప్పుడు టేపు తీసుకుని చిప్ప మధ్యన గుర్తు పెట్టుకోవాలి. అక్కడి నుంచి 15 సెంటీమీటర్ల పైన తొడ చుట్టుకొలత, 15 సెంటీమీటర్ల కింద పిక్క చుట్టుకొలత, మోకాలి వెడల్పు, ఈ మూడూ కావాలి. రెండు కాళ్ళూ విడివిడిగా కొలవాలి, రెండూ సమానంగా ఉండాలన్న నియమం లేదు. పొడవాటి పలచని మేజోడు మీద బ్రేసు వేసుకుని, కాలు కొంచెం మడిచి కూర్చుని, కీళ్ళు చిప్ప మధ్యకు ఎదురుగా వచ్చేలా పెట్టుకోవాలి. ముందుగా పిక్క కండ ఉబ్బుకు పైన ఉండే పట్టీ బిగించాలి. బ్రేసు కిందికి జారకుండా నిలిపేది అదే. తరువాత తక్కినవి. పాదం తిమ్మిరెక్కితే పట్టీ మరీ బిగిసిందన్నమాట. పదిసార్లు గొంతుకు కూర్చుని లేచి చూసి, జారితే మళ్ళీ కట్టుకోవాలి. బూటు పై అంచు బ్రేసును పైకి నెట్టకూడదు. పావుగంట నడిపాక దిగి పట్టీలు మళ్ళీ బిగించడం అనుభవం ఉన్నవాళ్ళ అలవాటు. ఎందుకంటే ఈలోగా మేజోడు అణిగి, చెమట పట్టి, కట్టు వదులవుతుంది.

మీలో కొందరు నాన్న బ్రేసు వేసుకుందామని చూస్తున్నారేమో! అది మీ కాలికి సరిపోదు, గేర్ల బండి నడపడానికి మీకు 18 ఏళ్ళూ నిండాలి.

బ్రేసు వేసుకుంటే మోకాలు నిజంగా దక్కుతుందా? ఈ ప్రశ్నకు జవాబు తేలిగ్గా దొరకలేదు. 1987లో అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాళ్ళ మీద అచ్చయిన ఒక పరిశీలనలో బ్రేసు వేసుకున్నవాళ్ళకే ఎక్కువ గాయాలు కనిపించాయి. 1990లో వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో 1,396 మంది విద్యార్థులను చీటీలు వేసినట్టు రెండు జట్లుగా విడదీసి చూస్తే, వేసుకున్నవాళ్ళకు తక్కువ గాయాలయ్యాయి. మొదటి పరిశీలనలో ఎవరు వేసుకోవాలో ఇష్టానికి వదిలేశారు, రెండోదానిలో వదలలేదు. అందుకని రెండోదాన్నే నేను ఎక్కువ నమ్ముతాను. రోడ్డు లేని చోట మోటారు సైకిలు నడిపేవాళ్ళ మీద 2011లో అమెరికాలో అచ్చయిన ఒక పెద్ద పరిశీలన కూడా బ్రేసు వైపే మొగ్గింది. అయితే అది గాయాలను తగ్గించిందే గాని లేకుండా చేయలేదు. చట్రం గట్టిదే, కాని దానికీ ఎముకకూ మధ్య మెత్తటి కండ ఉంది. కండ కదిలినంత మేరకు ఎముక తప్పించుకుంటుంది.

ఒకవేళ కాలు మెలిపడి, మోకాలిలో టప్పుమన్న శబ్దం వినిపించి, కొద్ది గంటల్లోనే వాచిపోతే? నూనె రాసి లాగించకూడదు. ఆ కాలి మీద బరువు మోపకుండా ఆస్పత్రికి చేరాలి. ఎక్స్‌రేలో ఎముకలు కనిపిస్తాయి గాని తెగిన బంధనం కనిపించదు. ఎక్స్‌రే బాగుందన్నారని లేచి నడిచి, ఏడాది తరువాత మెట్లు దిగుతుంటే మోకాలు పక్కకు జారిపోతోందని వచ్చేవాళ్ళు ఇందువల్లే ఉంటారు. బంధనాలను చూపేది ఎమ్మారై పరీక్ష. లోపలి పక్కనున్న బంధనం చాలాసార్లు తనంతట తానే అతుక్కుంటుంది, కొద్ది వారాల పాటు మోకాలు పక్కకు వంగకుండా కాపాడితే చాలు. నడిమధ్యనున్న ముందు బంధనం పూర్తిగా తెగితే సామాన్యంగా అతుక్కోదు. రోగి తొడ వెనక నుంచి స్నాయుబంధనం ముక్క తీసి, ఎముకల్లో సొరంగాలు తొలిచి, పాత బంధనం ఉన్న దారిలోనే దాన్ని బిగిస్తారు. ఆ ముక్క కొత్త చోట కుదురుకుని, మనిషి మళ్ళీ ఆటల్లోకి దిగడానికి తొమ్మిది నెలలో ఇంకా ఎక్కువో పడుతుంది.