బొంగులో కోడి, కుంపటి మీద చీకు

"యాభై తగ్గించుకో" అన్నారు మావారు.

అరకు దారిలో, అనంతగిరి దాటాక, నాలుగు రాటలు పాతి పైన టార్పాలిన్ పరచిన దుకాణం అది. ముందు నిప్పుల గుంట. గుంట మీద ఇనప కమ్మీకి ఆనించి వరసగా ఆరేడు పచ్చి వెదురుబొంగులు. వొళ్ళంతా మసి, మూతుల్లోంచి ఆవిరి. వాటి వెనక, పొగకి కళ్ళు నులుముకుంటూ వొక గిరిజన స్త్రీ.

"బాబూ, కోడికే సగం పోద్ది" అన్నదావిడ.

"కోడి సంగతి సరే. బొంగు అడవిలో వూరికే దొరికేదే గదా! కట్టెలూ అంతే గదా!" అని మావారు తమ న్యాయశాస్త్రం విప్పారు.

ఆవిడ మారు మాట్లాడలేదు. యాభై తగ్గించే యిచ్చింది. మావారు నా వంక విజయగర్వంతో చూశారు. నేనూ సంతోషించానని వొప్పుకోవాలి. బేరమాడకుండా కొన్న వస్తువు మా యింట్లో ఎవరికీ రుచించదు.

కార్తీకమాసం చివరి రోజులు. కొండవాలు పొడుగునా వలిసె చేలు పసుపు ఆరబోసినట్టు పూసి వున్నాయి. విశాఖ నుంచి వందకి పైగా కిలోమీటర్లు యెక్కి వచ్చాం. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా యేర్పడిన దగ్గర్నుంచీ అరకు ఆ జిల్లాలోది గాని, విశాఖ వాళ్ళకి మాత్రం యిప్పటికీ "మన అరకే". కారులో మేం అయిదుగురం: మేమిద్దరం, పిల్లలిద్దరు, అత్తగారు. అత్తగారికి డాక్టరు నూనె మానిపించి ఆర్నెల్లయింది. ఆ ఆర్నెల్లూ ఆవిడ కంచం ముందు కూర్చోవడం చూస్తే పరీక్షహాల్లో కూర్చున్న పిల్ల జ్ఞాపకం వచ్చేది.

ఆవిడ బొంగును ఆకుమీద వొంపింది. అడ్డాకు మీద పడ్డ ముక్కల్లో నూనెచుక్క లేదు. పసుపూ కారమూ పట్టిన ముక్క ఎముకను వదిలేసి విడివడిపోతున్నది. పచ్చివెదురు వాసన, పొగ వాసన, కోడి రసం మూడూ కలిసి అదొక కొత్త పరిమళం. అత్తగారు నాలుగు ముక్కలు తిని, అయిదోది అడిగారు! ఆర్నెల్ల తరవాత మొదటిసారి.

"యిది మనింట్లో చెయ్యలేమూ?" అన్నారు.

ఆ వొక్క మాటే నన్ను నెలరోజులపాటు నానా తంటాలూ పెట్టింది.

రెండు పక్షాలు

యింతకీ మా ఇల్లంతా బొంగు పక్షమే అనుకునేరు. పక్క దుకాణంలో చీకులు కాలుస్తున్నారు. ఇనప చువ్వలకి కోడిముక్కలు గుచ్చి, బొగ్గులమీద తిప్పుతూ, మధ్య మధ్య విసనకర్రతో విసురుతూ. మావారూ, అబ్బాయీ అక్కడ చేరిపోయారు. "ముక్కకి అంచులు కాలాలి, పన్నుకింద కరకరమనాలి. నిప్పుమీద వండిన దానికి నిప్పు రుచి లేకపోతే యెందుకు?" అని వారి వాదం. నేనూ, అమ్మాయీ, అత్తగారూ బొంగు పక్షం.

యీ తగవులో రెండు వైపులా శాస్త్రం వుంది. పచ్చి బొంగు గోడనిండా నీరే. లోపల ముక్కల్లో నీరు. ఆ నీరు ఆవిరయ్యేదాకా బొంగులో వేడి నీరు మరిగే వేడిని దాటదు. అందుచేత బొంగులో కోడి కాలదు, తన రసంలో తాను వుడుకుతుంది. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల యెత్తున వుంది గనక అక్కడ నీరు 97 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గరే మరుగుతుంది. అదే బొంగు మా మేడమీదకంటే అక్కడ కాస్త యెక్కువసేపు నిప్పుమీద వుండాలన్నమాట.

చీకు సంగతి వేరు. ముక్క పైన తడి ఆరిపోయి, వేడి 140 డిగ్రీలు దాటితే మాంసంలోని మాంసకృత్తులూ చక్కెరలూ కలిసి గోధుమరంగు తేలుతాయి, ఆ కమ్మని వాసన పుడుతుంది. దీన్ని 1912లో మయ్యార్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు వివరించాడు. రొట్టె కాలినా, కాఫీగింజ వేగినా చాలావరకు అదే తతంగం. కనుక మెత్తదనం కావాలంటే బొంగు, కమ్మదనం కావాలంటే చీకు. రెండూ వొక్క ముక్కలో కావాలంటే దేవుడే దిగి రావాలి.

బొంగులో వంట మన కొండలకే ప్రత్యేకం అనుకోనక్కరలేదు. యిటు మారేడుమిల్లి అడవుల దారిలోనూ యిదే బొంగుకోడి. అటు సముద్రం దాటితే బోర్నియో దీవిలోని సరవాక్‌లో ఇబాన్ తెగవారు కోడిని బొంగులో పెట్టి కర్రపెండలం ఆకులతో మూతి కడతారు. మలయావారు కొబ్బరిపాలతో జిగురుబియ్యాన్ని బొంగులో వండి పండుగ చేసుకుంటారు. వెదురు వున్నచోటల్లా మనిషికి వొకే ఆలోచన తట్టినట్టుంది.

రెండు పరాభవాలు

విశాఖ చేరిన వారానికి మావారు పందిళ్ళకి వెదురు అమ్మే దుకాణం నుంచి నాలుగు బొంగులు కోయించి తెచ్చారు. చూడ్డానికి బంగారుఛాయలో నున్నగా వున్నాయి. మేడమీద యిటుకలు పేర్చి మంట పెట్టాం. పదినిమిషాల్లో బొంగు నిలువునా చిట్లింది. పావుగంటకి అదే కట్టె అయిపోయి భగ్గుమంది. కోడి నిప్పులపాలు. ఆ రాత్రి మా విందు మజ్జిగన్నం.

తప్పు తెలిసింది: బొంగు పచ్చిది కావాలి. ఎండుబొంగు గిన్నె కాదు, కట్టె. పైగా దుకాణాల్లోని వెదురుకి పురుగు పట్టకుండా మందు పూసి వుండవచ్చు. అలాంటిది వంటకి పనికిరాదు.

రెండోసారి మా పెదనాన్నగారి వూరినుంచి పచ్చి బొంగులే తెప్పించాం. యీసారి నా తెలివి పనిచేసింది. ఆవిరి పోతే రుచి పోతుందని మూతికి గుడ్డ కుక్కి, దానిపైన గోధుమపిండి మెత్తి, పైన తీగె చుట్టాను. పది నిమిషాలు అంతా ప్రశాంతం. తరవాత తుపాకి పేలినట్టు 'ఢాం' అంది. పిండి ముద్ద పిట్టగోడమీద, కోడి రసం మావారి చొక్కామీద. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు.

యెదురింటి రిటైర్డు మాస్టారు మేడమీదికి వచ్చి, "ఏమమ్మా, దీపావళి వెళ్ళి నెలేగా అయింది, మళ్ళీనా?" అన్నారు.

నవ్వుతూ చెబుతున్నాను గాని, యిది నవ్వి వూరుకునే విషయం కాదు. మూసివున్న బొంగులో ఆవిరికి దారి లేకపోతే అది పేలుతుంది. పిల్లలున్న ఇళ్ళలో యిది మొదట గుర్తుంచుకోవాలి.

మూడోసారి కుదిరిన పద్ధతి

వొక వైపు కణుపు వుండేట్టు, రెండోవైపు తెరిచి వుండేట్టు జానన్నర పొడుగు పచ్చి బొంగు కోయించండి. కోసిన చోట వేలు పెడితే చెమ్మ తగలాలి. కోసి యెంత తక్కువసేపయితే అంత మంచిది. లోపలి పొట్టు పోయేట్టు రెండుసార్లు కడిగి బోర్లించండి.

అరకిలో కోడిని చిన్నముక్కలు చేయించి, వుప్పు, పసుపు, కారం, అల్లంవెల్లుల్లి ముద్ద, ధనియాలపొడి, సగం నిమ్మకాయ రసం, దండిగా కొత్తిమీర పట్టించి గంటసేపు వుంచండి. నూనె వద్దు, నీళ్ళూ వద్దు. బొంగు యిచ్చే చెమ్మ చాలు.

బొంగులో మూడువంతులే నింపండి. వేళ్ళతో కుక్కవద్దు. అరిటాకు ముక్కను చుట్టి మూతికి వదులుగా పెట్టండి, ఆవిరి పక్కనుంచి పోతూ వుండాలి. కొండల్లో అయితే అడ్డాకు పెడతారు. మంట తగ్గి నిప్పులయ్యాక, మూతి పైకి వుండేట్టు యేటవాలుగా ఆనించి, నాలుగైదు నిమిషాలకొకసారి కొంచెం కొంచెం తిప్పండి. మూతి దగ్గరికి మీ మొహం పెట్టవద్దు. ముప్పావుగంటకి బొంగు నల్లబడుతుంది, మూతి దగ్గర రసం బుడగలు కడుతుంది. అప్పుడు తీసి, పది నిమిషాలు ఆగి ఆకుమీద వొంపండి. బొంగు మళ్ళీ పనికిరాదు. వొక్క వంటకే దాని ఆయుష్షు.

చీకు పక్షంవారికి

అటకమీంచి మా అమ్మమ్మనాటి కుంపటి దించాం. యెముకలేని తొడమాంసం తీసుకోండి. రొమ్ముమాంసం త్వరగా పిడచకట్టుకుపోతుంది. పై మసాలాకే రెండు చెంచాల గట్టిపెరుగు కలిపి, నాలుగు గంటలు ఫ్రిజ్‌లో వుంచండి. చువ్వకి గుచ్చేటప్పుడు ముక్కకీ ముక్కకీ నడుమ సందు వుండాలి, లేకపోతే సందుల్లో పచ్చి మిగులుతుంది.

బొగ్గులు యెర్రగా మండుతున్నప్పుడు తొందరపడకండి. పైన తెల్లని బూడిద పొర కట్టాక చువ్వలు పెట్టండి. బొగ్గుల్ని వొక పక్కకి తోసి వుంచితే సగం కుంపటి వాడిగా, సగం సెగగా వుంటుంది. ముందు వాడిలో రంగు తెప్పించి, తరవాత సెగలో లోపల వుడకనివ్వాలి. కొవ్వు కారి మంట లేస్తే చువ్వ పక్కకి జరపండి. నల్లగా మాడడం రుచి కాదు, చేదు.

కుంపటి యెప్పుడూ ఆరుబయటే. తలుపులు వేసిన గదిలో బొగ్గులు వెలిగిస్తే వచ్చే విషవాయువుకి రంగూ వాసనా వుండవు, ప్రాణం తీస్తుంది.

అమెరికాలో వున్న మా మరిది యీ ప్రయోగాలు విని ఫోనులో తెగ నవ్వాడు. "వదినా, యిక్కడ ప్రతి పెరట్లోనూ యిదే గొడవ. మందపాటి మాంసంముక్కని కాల్చి, లోపల యెర్రగా వుండాలా, గులాబీరంగులో వుండాలా, పూర్తిగా వుడకాలా అని మొగుడూ పెళ్ళాలు కూడా పోట్లాడుకుంటారు" అన్నాడు. కోడి విషయంలో ఆ స్వేచ్ఛ లేదు. పచ్చి కోడిమాంసంలో రోగక్రిములు వుండవచ్చు గనక లోపలి వేడి 74 డిగ్రీలకి చేరితీరాలి. అతను మాంసంలో గుచ్చే సన్నని థర్మామీటరు పంపించాడు. అది లేనివారు అన్నిటికంటె మందపాటి ముక్కని కోసి చూడండి. గులాబీరంగు మిగిలి వున్నా, రసం తేటగా రాకపోయినా మళ్ళీ సెగమీద పెట్టండి. కాలిన ముక్కకి అయిదు నిమిషాలు విశ్రాంతి యివ్వాలన్న సూత్రం మాత్రం అక్కడా యిక్కడా వొకటే. వెంటనే కోస్తే రసమంతా కంచం పాలవుతుంది.

అసలు లెక్క

మూడోసారి బొంగు వొంపిన రాత్రి అత్తగారు యేడు ముక్కలు తిన్నారు. యిల్లంతా పండగే. మావారు మాత్రం కాగితం, కలం తీసుకుని కూర్చున్నారు. వూరినుంచి బొంగు తెప్పించిన ఖర్చు, కట్టెలు, కోడి, మసాలా కూడారు. ఇద్దరం రెండున్నర గంటలు పొగలో కూర్చున్నాం, దానికి యెంత వెయ్యాలో తేలక కలం ఆపారు.

"యాభై రూపాయలు" అన్నారు చాలాసేపటికి. యింకేమీ అనలేదు. నేనూ అడగలేదు.

తరవాత ఆయనే యెక్కడెక్కడో చదివి చెప్పారు. 1927 నాటి అటవీచట్టం వెదురును చెట్లలో కలిపేసింది. 2006లో అటవీహక్కుల చట్టం వచ్చి, వెదురును చిన్నతరహా అటవీఫలసాయంగా గుర్తించి, దాన్ని సేకరించి అమ్ముకునే హక్కు గిరిజనులదని రాసింది. అడవి బయట పెరిగే వెదురుకి 'చెట్టు' అన్న పేరు 2017లోగాని పోలేదు. వూరికే దొరుకుతుందని మేం అనుకున్న బొంగు వెనక యింత కథ వుంది.

మరుసటి యేడు వలిసెలు పూసే రోజుల్లోనే మళ్ళీ వెళ్ళాం. అదే టార్పాలిన్, అదే పొగ. ఆవిడ మమ్మల్ని గుర్తుపట్టలేదు. రోజూ వచ్చిపోయే వందమందిలో మమ్మల్ని గుర్తుంచుకోవడం యెందుకు? నేను పొగ తగలని పక్క చూసుకుని ఆవిడ దగ్గర కూర్చున్నాను. బొంగు యెక్కడిదని అడిగాను.

"తెల్లారగట్ల మావోడు కొండెక్కి కొట్టుకొస్తాడమ్మా. నిన్నటిది నేటికి పనికిరాదు. మిగిలితే పొయ్యిలోకే."

"మూతి గట్టిగా బిగిస్తే పేలుతుంది గదూ?"

ఆవిడ నా మొహం చూసి పకపకా నవ్వింది. "నువ్వూ పేల్చేవేటమ్మా?"

మావారు ధర అడిగారు. ఆవిడ చెప్పింది. అలవాటుకొద్దీ వారి నోరు తెరుచుకోవడం చూశాను, మళ్ళీ మూసుకోవడమూ చూశాను. అడిగినంతా యిచ్చి, పైన వొక యాభై కాగితం కలిపారు.

"యిది యెక్కువిచ్చారు బాబూ" అని ఆవిడ తిరిగి చాచింది.

"కిందటేడు బాకీ" అన్నారు మావారు.

ఆవిడకి అర్థం కాలేదు. కాసేపు ఆ కాగితం వంకా మా వంకా చూసి, కొంగున ముడివేసుకుంది. తరవాత వొక బొంగు తీసి, అత్తగారి ముందు అడ్డాకు పరిచి, "నువ్వు తిను మామ్మా, యిది మెత్తగా వుడికింది" అని వొంపింది.