శాస్త్రకల్పితకథలలో శృంగారహాస్యములు

ప్రకృతిశాస్త్రమునందలి యొక సూత్రమును గాని, లోకమున నింకను వెలయని యొక యంత్రమును గాని యాధారముగాఁ గొని యల్లఁబడినది శాస్త్రకల్పితకథ. నాయికానాయకుల యనురాగము నవ్వు పుట్టించు చిక్కులఁ బడి తుదకు వివాహమున ముగియునది ప్రణయహాస్యకథ. ఈ రెంటిని గలిపి వ్రాసిన నవలలు పాశ్చాత్యదేశములయందు మిక్కిలి యాదరము వడసినవి. ఒకటి బుద్ధికిని, మఱియొకటి హృదయమునకును సంబంధించిన దగుటచే వీని కూడిక యసహజమనియు, నిది పొద్దుపుచ్చుటకుఁ దక్క నెందులకును గొఱగాదనియు నాక్షేపించువారు గలరు. ఆ యాక్షేపణ మెంతవఱకు నిలుచునో విచారింపఁదగును.

భరతుఁడు నాట్యశాస్త్రమున శృంగారమునుండి హాస్యమును, వీరమునుండి యద్భుతమును జనించునని చెప్పెను. కావున శృంగారహాస్యములకు జన్యజనకసంబంధము శాస్త్రసిద్ధమే. వేఱొక వంశమునుండి వచ్చినది యద్భుతము. అది వలపుకథకుఁ బైపూఁతగా నుండునా, లేక యా కథకే మూలమగునా? విచారమంతయు నీ ప్రశ్నయందే యున్నది.

దీనికిఁ దెనుఁగునఁ బ్రాచీనమైన యుదాహరణము కళాపూర్ణోదయము. 16వ శతాబ్దమునఁ బింగళి సూరన రచించిన యీ ప్రబంధమును శాస్త్రకల్పితమనుట పొసఁగదు. అందలి వింతలకు మూలములు వరములును శాపములును గాని యంత్రములు గావు. అయినను దాని నిర్మాణరీతి పరికింపఁదగినది. కలభాషిణి నలకూబరునిపై మరులుగొని, వరబలమున రంభ రూపమును దాల్చును. మణికంధరుఁడు నలకూబరుని రూపమును దాల్చును. ఎవరు నిజమో యెవరు మాయయో తేలక రంభ లిద్దఱు కలహింతురు. ఈ కలహమున నవ్వు పుట్టుచున్నది. ఆ నవ్వు వెనుక, వలచినది రూపమునా మనస్సునా యను శంక పొడముచున్నది. రూపము మాఱవచ్చునను నొక్క నియమము లేనిచో నీ శంక యింత తీక్ష్ణముగా నుదయింపనేరదు. మఱియు బ్రహ్మ సరస్వతికి వినోదముగాఁ జెప్పిన కథయే పిదప భూలోకమున జరిగితీరును. కథ ముందు, కార్యము వెనుక. కాలక్రమమును దిరుగవేసి ప్రణయముల నందుఁ జిక్కించుట సూరనకుఁ దెలిసిన విద్య.

రాజమహేంద్రవరమున శాస్త్రము, హాస్యము, వింతకథ యను మూఁడును నొక్కని చేతికి వచ్చినవి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధనిని, 1876లో హాస్యసంజీవనిని స్థాపించిరి. ఖగోళమును గుఱించియు జంతువులను గుఱించియుఁ దెనుఁగున గ్రంథములు వ్రాసిరి. కవలలను జూచి యొకరినొకరుగా భ్రమించుటచేఁ జిక్కులు పుట్టు షేక్స్పియరు నాటకమును జమత్కారరత్నావళి యను పేరఁ దెనిఁగించిరి. 1726లో వెలువడిన స్విఫ్టుని గలివరు యాత్రల ననుసరించి సత్యరాజాపూర్వదేశయాత్రలను రచించిరి. అందలి యాడుమళయాళమున స్త్రీలు ప్రభువులు, పురుషులు గృహబద్ధులు. ఇట స్త్రీలకుఁ బాతివ్రత్య మెట్లో యటఁ బురుషులకుఁ బత్నీవ్రత్య మట్లు విధింపఁబడినది. ఇందు యంత్రము లేదు. అయినను లోకధర్మమునందు నియమము నొక్కదానిఁ దలక్రిందు చేసి, దాని ఫలములను వరుసగాఁ జూపు పద్ధతి శాస్త్రకల్పితకథలదే. పంతులుగారి లక్ష్యము సంస్కరణము గనుక నందు వ్యంగ్యము ప్రధానమైనది, ప్రణయము గాలేదు. చదువరి నవ్వును, సిగ్గుపడును; కాని యా దేశమున నే జంట యేమగునో యను నాతురత వానికిఁ గలుగదు.

ఆ యాతురతను నిండుగాఁ గలిగించు గ్రంథము అమెరికా రచయిత్రి కానీ విల్లిస్ 1997లోఁ బ్రకటించిన ‘టు సే నథింగ్ ఆఫ్ ది డాగ్’. జెరోము 1889లో వెలువరించిన పడవప్రయాణపు హాస్యకథకుఁ గల యుపనామమే దీనికిఁ బేరైనది. 2057లో ఆక్స్ఫర్డునందలి చరిత్రకారులు కాలయంత్రముచే గడచిన కాలములకుఁ బోయి వచ్చుచుందురు. 1940లో బాంబులచే దగ్ధమైన కవెంట్రీ దేవాలయమును మరల నిర్మించుటకై, యందుండిన యొక వికారమైన పూలకూజాను వారు వెదకుచుందురు. వెరిటీ యను యువతి 1888లో నీటఁ బడిన పిల్లి నొకదానిని రక్షించి తన కాలమునకుఁ దెచ్చును. దానిని మరలఁ జేర్పఁబోయిన నెడ్డు చేతఁ దప్పు మఱికొంత పెరుగును: ఒకనిఁ గలసికొనవలసిన కన్య గలసికొనదు, కలసికొనఁగూడని కన్య గలసికొనును. ఈ తప్పు పెండ్లి జరిగినచో వాని మనుమఁడు పుట్టకపోవును; ఆ మనుమఁడు లేకున్న నొక మహాయుద్ధపు గతియే మాఱవచ్చును. అందుచే నెడ్డును వెరిటీయుఁ బరుల జంటలను సరిదిద్దఁబూని తామే యొకరినొకరు వలచెదరు.

ఇట్టి నవలల యాకర్షణరహస్య మిందుఁ దేటపడుచున్నది. ప్రణయహాస్యమున సామాన్యముగాఁ దప్పు జంట విడిపోయి తగిన జంట కూడును. ఆ కార్యము తప్పినచో నిరువురికే దుఃఖము. కాలయంత్రము వచ్చి చేరఁగానే యా దుఃఖము లోకమునకెల్ల వ్యాపించును. శాస్త్రనియమము వలపునకు గౌరవము నిచ్చుచున్నది. వలపు శాస్త్రనియమమునకుఁ బ్రాణము నిచ్చుచున్నది. నవ్వు, రెంటి బరువును జదువరి మోయఁగలుగునట్లు చేయుచున్నది.

మనవారి చలనచిత్రములయందును నీ భేదమును జూడవచ్చును. 1957 నాఁటి మాయాబజారునందలి ప్రియదర్శిని, తెఱచినవారికిఁ దమకుఁ బ్రియమైనదానిఁ జూపు పేటిక. శశిరేఖకు దానియందు నభిమన్యుఁడు గనఁబడును. ఘటోత్కచుఁడు మాయాశశిరేఖయై పెండ్లికొడుకును నవ్వులపాలు చేయును. అద్భుతమును దీసివేసినచో నా వివాహకథ సాగదు. 1991 నాఁటి ఆదిత్య 369నందో, కాలయంత్రము నాయికానాయకులను శ్రీకృష్ణదేవరాయల కాలమునకుఁ గొనిపోవును. చూడ మనోహరమే గాని, వారి యనురాగము ప్రయాణమునకుఁ దోడే కాని దానివలనఁ బుట్టిన చిక్కు గాదు.

కాఁబట్టి యిట్టి గ్రంథమును బరీక్షింపఁగోరు పండితున కొక్క ప్రశ్న చాలును: యంత్రమును దొలఁగించి చదివిన వలపుకథ యథాతథముగా నిలుచునా? నిలిచినచో నది పూఁత మాత్రమే. నిలువనిచో నది కథకు శరీరము. పాఠశాలలయందుఁ గళాపూర్ణోదయముఁ జెప్పునప్పుడు మాయారంభ ఘట్టమును వట్టి విపరీతకల్పనమని దాఁటవేయక, నియమ మొకటి మాఱినచో మనస్సు లెట్లు మాఱునో చూపించినచో, నేఁటి బాలురు చేతఁ బట్టుకొనిన నవలకును సూరనకును గల చుట్టఱికము వారికే తోఁచును. వీరేశలింగము పంతులుగారు గౌతమీతీరమున సమకూర్చిపెట్టిన సామగ్రికిఁ బ్రణయ మొక్కటి తోడైనచోఁ దెనుఁగున నిట్టి నవల పుట్టుటకుఁ బరదేశపు మాదిరి వెదకఁ బనిలేదు.