తుపాకీ ఒళ్లోనే ఉంది

డాక్టరు మూడు దారులు చెబుతాడు. కూతుర్ని క్వారంటైన్‌కు పంపడం, నరకయాతన పెట్టి చంపే ఇంజెక్షన్ ఇవ్వడం, లేదంటే తండ్రే తన చేత్తో త్వరగా ముగించడం. 2015లో వచ్చిన ‘మ్యాగీ’ ఈ మూడింటి మధ్య నలిగిన ఒక రైతు కథ. హెన్రీ హాబ్సన్‌కు దర్శకుడిగా ఇదే తొలి చిత్రం. టెర్మినేటర్‌గా మనందరికీ తెలిసిన ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ ఇందులో ఆ రైతు వేడ్. అంతటి కండలవీరుడు జాంబీ కాటు పడిన కన్నబిడ్డ ముందు నిస్సహాయంగా కూర్చుంటాడు. మ్యాగీగా అబిగైల్ బ్రెస్లిన్ నటించింది.

ఇందులో మనిషి జాంబీ కావడానికి వారాలు పడుతుంది. అందుకే ఇది భయపెట్టే సినిమా కన్నా, నయం కాని జబ్బున్న బిడ్డను ఇంట్లో పెట్టుకున్నవాళ్ల సినిమాలా అనిపిస్తుంది.

ఇక ముగింపు. ఒళ్లో తుపాకీతో వేడ్ కుర్చీలో కళ్లు మూసుకుని ఉంటాడు. మ్యాగీ మెట్లు దిగి వస్తుంది. చర్మం బూడిదరంగుకు తిరిగింది, కళ్లు నల్లబడ్డాయి. తండ్రి వాసన చూస్తుంది. కరవదు. నుదుటి మీద ముద్దు పెట్టి, ఇంటి పైకెక్కి దూకేస్తుంది. పడిపోతూండగా ఆమెకు చనిపోయిన తల్లి గుర్తొస్తుంది.

ఆ ముద్దు పెట్టింది కూతురా, జాంబీయా? వాసన దగ్గరే మనిషితనం పోయిందని, మిగిలిందంతా పాత అలవాటేనని కొందరు వాదిస్తారు. నాకది సరిపోదు. ఈ రోగం ముదిరినవాళ్లకు మనుషులే తిండిలా తోస్తారు. ఆ ఆకలిని ముఖం మీదికి వచ్చాక ఆపుకోవడం అలవాటు చేసే పని కాదు. పైగా తల్లి జ్ఞాపకం ఆమెదే. పడిపోయేది మ్యాగీయే అని చెప్పడానికి దర్శకుడు ఇంతకన్నా ఏం చూపించాలి?

నన్ను ఎక్కువగా వెంటాడేది వేడ్. ఆ రాత్రి ఏ తండ్రికి నిద్ర పడుతుంది? ఆయన మెలకువగానే ఉన్నాడు, నిద్ర నటిస్తున్నాడు. తెలియక చేసిన పనీ కాదు. పక్కింటి నేథన్, అతని చిన్నకూతురు జాంబీలై తిరుగుతుంటే వాళ్లను చంపింది ఈయనే. రోగం సోకినవాళ్లను ఇంట్లో దాచుకున్న ప్రేమ ఊరి మీదికి ఎలా వస్తుందో ఆయన కళ్లారా చూశాడు. అయినా తుపాకీ ఎత్తలేదు. అది తప్పే. ఆమె కరిచి ఉంటే ఆయనతో ఆగేది కాదు.

కానీ పిరికితనం అనడానికి నాకు నోరు రాదు. తన ప్రాణం కోసం భయపడేవాడు మెడ అప్పగించి కూర్చోడు. నువ్వింకా నా కూతురివే అని మాటల్లో చెప్పలేక, ప్రాణం పణంగా పెట్టి చెప్పాడు. మ్యాగీ అది విన్నదనే నేను నమ్ముతాను. తండ్రి చేయాల్సి వచ్చిన పనిని అతని చేతికి రానివ్వకుండా ఆమే మోసుకుపోయింది.

నెమ్మదిగా సాగుతుందని ఈ సినిమాను మధ్యలో వదిలేసినవాళ్లు ఉంటారు. ఈసారి చివరిదాకా చూడండి, వేడ్ గురించి మీ తీర్పు అప్పుడు చెప్పండి.