నారు కొనేముందు వేరు చూడండి

మాది బళ్లారి బ్రూస్‌పేట, తోట ఊరి బయట. వి-1 మల్బరీకి విత్తనం వేయం, కొమ్మ ముక్క నాటుతాం. తల్లి చెట్టు ఎట్లుంటే పిల్ల అట్లే. 1997లో మైసూరు నుంచి వచ్చిన రకం ఈరోజు కూడా అదే ఆకు ఇస్తోందంటే కారణం అదే.

నేను మొదట తొందరపడి వేరు పట్టిన నారు కొన్నా. రెండో ఏడు ఆకు పసుపు తిరిగింది. ఒక మొక్క పీకి చూస్తే వేర్లనిండా బుడిపెలు. నులిపురుగు! అది కొమ్మతో రాదు, వేరుతో, నారుమడి మట్టితో వస్తుంది. అర ఎకరా పీకేసినా. ఆ ఏడు రెండు పంటలు పోయినాయి.

ఇప్పుడు తెలిసిన తోట నుంచి కొమ్మలే తెచ్చుకుంటా. 6-8 నెలల వయసు, పెన్సిల్ లావు ఉండాల. లేత చివర వదిలేసి, ముక్కకు 3-4 కళ్లు ఉండేట్టు పదును కత్తితో కోయండి, బెరడు చీలకూడదు. కన్ను పైకి చూసేట్టు వాలుగా గుచ్చి, ఒక్క కన్ను బయట ఉంచండి. (తలకిందులుగా గుచ్చినోళ్లను చూసి నవ్వకండి, నేనూ గుచ్చినా.) టమాటా, వంకాయ వేసిన నేలలో నారుమడి వద్దు, ఆ పురుగు వాటికీ పడుతుంది. 3-4 నెలలకు తోటలో నాటొచ్చు.

కొనేవాళ్లు డబ్బు ఇచ్చేముందు నాలుగు మొక్కల వేర్లు కడిగి చూడండి.