కార్మిక పరిహార కేసుల్లో వైద్య ఖర్చుల వివాదాలు: ‘భరించిన వ్యయం’ అన్న మాటపై ఒక పరిశీలన

1923 నాటి కార్మికుల పరిహార చట్టం ప్రధానంగా పట్టికల చట్టం. పనిలో ప్రమాదానికి గురైన వ్యక్తి వయస్సు, నెల వేతనం, కోల్పోయిన సంపాదన శక్తి తెలిస్తే నాలుగవ షెడ్యూలులోని గుణకంతో హెచ్చించి పరిహారాన్ని తేల్చవచ్చు. శాశ్వత సంపూర్ణ వైకల్యానికి నెల వేతనంలో 60 శాతం, మరణానికి 50 శాతం ప్రాతిపదిక. వేలు తెగితే ఎంత శాతం, కన్ను పోతే ఎంత శాతం అన్నది మొదటి షెడ్యూలు చెబుతుంది. పట్టిక లేనిది వైద్య ఖర్చుకే.

నిజానికి 2009 వరకు ఈ చట్టంలో వైద్య ఖర్చు చెల్లించాలన్న నిబంధనే లేదు. యజమాని తనంతట తాను వైద్యానికి ఇచ్చిన సొమ్మును పరిహారంలో మినహాయించుకోరాదన్న వివరణ మాత్రం సెక్షన్ 4లో ఉండేది. 2010 జనవరి 18 నుండి అమలైన 2009 సవరణ ఆ చట్టాన్ని ఉద్యోగుల పరిహార చట్టంగా మార్చి, సెక్షన్ 4(2ఎ)ను చేర్చింది. విధి నిర్వహణలో కలిగిన గాయాల చికిత్సకు ఉద్యోగి భరించిన వాస్తవ వైద్య వ్యయాన్ని అతనికి తిరిగి చెల్లించాలన్నది దాని సారం. గరిష్ఠ పరిమితి లేదు, రేట్ల పట్టిక లేదు. 1923 చట్టం స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్ ఏడవ అధ్యాయంలోనూ ఈ నిబంధన దాదాపు అదే రూపంలో కొనసాగింది. కాబట్టి పాత చట్టం కింద తలెత్తిన చిక్కులు కొత్త కోడ్‌లోనూ తీరవు.

ఇ.ఎస్.ఐ. పరిధిలోని కార్మికునికి చికిత్సే ప్రయోజనంగా అందుతుంది గనుక బిల్లు వివాదానికి ఆస్కారం తక్కువ. వివాదమంతా ఆ పరిధికి వెలుపల ఉన్నవారిది: లారీ క్లీనరు, క్వారీ కూలీ, బోరు బండి హెల్పరు. నెలకు రూ. 15,000 వేతనం పొందే హెల్పరుకు తొడ ఎముక విరిగిందనుకుందాం. తాత్కాలిక వైకల్య కాలంలో అతనికి చట్టం ఇచ్చేది పక్షానికి వేతనంలో 25 శాతం, అంటే రూ. 3,750. ఆసుపత్రి అడ్వాన్సు అడిగేది మొదటి రోజునే. ‘భరించిన’ అన్న భూతకాలపు మాట బరువు ఇక్కడ తెలుస్తుంది. ముందు చెల్లించగలిగినవాడికే తిరిగి పొందే హక్కు అక్కరకు వస్తుంది. అప్పు తెచ్చి కడితే ఆ అసలు వైద్య వ్యయంగా లెక్కకు వస్తుంది, దానిపై వడ్డీ రాదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఈ చట్టం కింద కమిషనర్లుగా కార్మిక శాఖ ఉప, సహాయ కమిషనర్లు వ్యవహరిస్తూ వచ్చారు. వారి ముందు యజమాని, బీమా సంస్థ తరఫున వినిపించే అభ్యంతరాలు ఊహించదగినవే. బిల్లును రుజువు చేయడానికి ఆసుపత్రి నుండి ఎవరూ రాలేదంటారు. ప్రభుత్వాసుపత్రి దగ్గరలో ఉండగా ప్రైవేటుకు ఎందుకు వెళ్లారంటారు. మందుల చీటీలకు ప్రిస్క్రిప్షన్ లేదంటారు. పల్లెలో ఆర్.ఎం.పి. కట్టిన మొదటి కట్టుకు రశీదే ఉండదు. చిత్తూరు ప్రాంతపు కార్మికుడు పుత్తూరు కట్టుకు వెళ్లి ఉంటే అది ‘వైద్య వ్యయం’ అవునా కాదా అన్న ప్రశ్నకు చట్టంలో సమాధానం లేదు. బిల్లు రుజువుకు డాక్టరును సాక్షిగా రప్పించే భారం కార్మికునిపై మోపితే, చిన్న బిల్లులకు ఆ ప్రయత్నమే నష్టం. అయితే సాక్షులను పిలిపించడానికి, పత్రాలను తెప్పించడానికి సెక్షన్ 23 కమిషనరుకు సివిల్ కోర్టు అధికారాలను ఇచ్చింది. ఆసుపత్రి నుండి రికార్డును నేరుగా తెప్పించడం ఆ అధికారంలోనిదే.

బీమా మరొక ముడి. ఈ చట్టం కింద బీమా తప్పనిసరి కాదని, పాలసీలో బాధ్యతను ఒప్పందం ద్వారా పరిమితం చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2006లో వడ్డీకి సంబంధించిన కేసులో తేల్చింది. వైద్య ఖర్చులు సాధారణంగా అదనపు ప్రీమియంతో, ఒక్కో కేసుకు ఇంత అన్న పరిమితితో వచ్చే కవరు. పరిమితి దాటిన మొత్తం యజమానిదే. చిన్న కాంట్రాక్టరు చేతులెత్తేస్తే సెక్షన్ 12 కింద అసలు యజమానిని పట్టుకోవలసి వస్తుంది.

చికిత్స ఆరోగ్యశ్రీ కింద జరిగితే కార్మికుడు రూపాయి కూడా భరించలేదు, కనుక యజమాని తిరిగి చెల్లించవలసిందీ లేదు. పరిశ్రమ మోయవలసిన ఖర్చు ఈ విధంగా ప్రజాధనం మీద పడుతుంది. ఇది చట్టం ఉద్దేశించిన ఫలితం కాకపోవచ్చు, కాని చట్టంలోని మాటలు ఇచ్చే ఫలితం మాత్రం ఇదే.

ఈ స్థితికి పరిష్కారంగా రేట్ల పట్టికను సూచించడం సహజం. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో కార్మిక పరిహార చికిత్సలకు అధికారిక రుసుముల పట్టిక ఉంది. 2012 నాటి సంస్కరణ చట్టం ప్రకారం, 2013 జనవరి 1 నుండి అందించిన సేవల విషయంలో బీమా సంస్థ తక్కువ చెల్లించిందని భావించిన వైద్యుడు 90 రోజుల్లో రెండవ పరిశీలన కోరాలి. అప్పటికీ తేలకపోతే 30 రోజుల్లో స్వతంత్ర బిల్లు సమీక్షకు వెళ్లాలి. సమీక్ష రుసుము మొదట వైద్యుడే కడతాడు. గెలిస్తే అవతలి పక్షం తిరిగి ఇస్తుంది. ఆ చికిత్స అవసరమా కాదా అన్న తగవు వేరే మార్గంలో, వైద్య సమీక్షలో తేలుతుంది. ఈ ఏర్పాటులో గమనించదగినది గడువులకన్నా పక్షాల కూర్పు. తగవు వైద్యునికీ బీమా సంస్థకూ మధ్యనే సాగుతుంది. క్లెయిమ్ దాఖలైన తర్వాత, అది తిరస్కరణకు గురైతే తప్ప, కార్మికుని నుండి రుసుము వసూలు చేయరాదు.

భారతదేశంలో పక్షాలు వేరు. ఇక్కడ పట్టిక ఒక్కదాన్నే దిగుమతి చేసుకుంటే ప్రమాదం ఉంది. సి.జి.హెచ్.ఎస్. లేదా ఆరోగ్యశ్రీ ప్యాకేజీ ధరలను కొలబద్దగా తీసుకుని కమిషనరు బిల్లును కోస్తే, ఆ కోత ఆసుపత్రికి తగలదు. అది తన ధర అప్పటికే వసూలు చేసుకుంది. తేడా కార్మికుని జేబులోనుండి పోతుంది. వైద్యుణ్ణి బంధించని పట్టిక కార్మికునికి పరిమితిగా మాత్రమే పనిచేస్తుంది. ‘వాస్తవ’ అన్న విశేషణం అటువంటి కోతకు అడ్డుగోడ. దానిని ‘సహేతుక’ అన్న అర్థంలోకి కుదించే వాదనను ఆచితూచి స్వీకరించాలి.

1923 చట్టంలోనే కొంత వెసులుబాటు ఉండేది. సెక్షన్ 4ఎ(2) ప్రకారం, కోరినంత బాధ్యతను ఒప్పుకోని యజమాని తాను ఒప్పుకున్న మేరకు తాత్కాలిక చెల్లింపు చేయాలి. నెల దాటిన జాప్యానికి 12 శాతం వడ్డీ, సమర్థనీయ కారణం లేకపోతే 50 శాతం వరకు జరిమానా కూడా ఆ సెక్షన్‌లోనే ఉన్నాయి. ఇవి వైద్య ఖర్చుకూ వర్తిస్తాయా? సెక్షన్ 4ఎ వాడిన మాట ‘సెక్షన్ 4 కింద పరిహారం’. సెక్షన్ 4(2ఎ) వాడినది ‘తిరిగి చెల్లింపు’. రెండూ వేరనుకుంటే, బిల్లును ఏళ్ల తరబడి నానబెట్టిన యజమానికి ఏ నష్టమూ లేదు. అయితే వైద్య ఖర్చు నిబంధనను శాసనకర్తలు సెక్షన్ 4 లోపలే పెట్టారు. ఈ చట్టం కార్మిక సంక్షేమ శాసనం. ఈ రెంటినీ కలిపి చదివితే, వడ్డీ వర్తిస్తుందన్న అర్థమే మెరుగ్గా నిలుస్తుంది. సెక్షన్ 30 కింద అప్పీలుకు గణనీయమైన న్యాయ ప్రశ్న ఉండాలి, వివాద మొత్తం 2017 సవరణ ప్రకారం కనీసం రూ. 10,000 కావాలి. చిన్న బిల్లుల విషయంలో కమిషనరు తీసుకునే అర్థమే చివరిది.